వేరు తెగితే వేరు కాపురం

బోడుప్పల్ నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. "ఇంటి వెనక ఉన్న కొంచెం జాగాలో వంకాయ, బెండ, టమాటా పెట్టుకున్నాం. రెండేళ్లుగా తుంగ పీకుతూనే ఉన్నాం. పీకిన కొద్దీ ఇంకా దట్టంగా వస్తోంది. ఇది నా చాదస్తమా, నిజంగానే అలా జరుగుతుందా?"

నిజంగానే జరుగుతుందమ్మా. మీరు పీకడం వల్లే అది దట్టమైంది. ఈ మాట చెప్పడానికి బాధగానే ఉంది, రెండేళ్లు నడుం వంచి చేసిన పని కదా. కానీ అలా ఎందుకవుతుందో తెలిస్తే, అదే పీకుడుతో దాన్ని వదిలించుకోవచ్చు. ఆ కిటుకు భూమిలో జానెడు లోతులో ఉంది.

కలుపంటే ఏమిటి, అందులో రకాలెన్ని అనే పాఠం ఇక్కడ పెట్టను. విత్తనంతో పుట్టే కలుపును పూతకు ముందే పీకేస్తే దాని కథ అయిపోతుంది. తుంగ అలాంటిది కాదు. 1977లో ప్రపంచంలోని చెడ్డ కలుపు మొక్కల మీద వచ్చిన ఒక ప్రసిద్ధ గ్రంథం దీన్ని అన్నిటికంటే ముందు నిలబెట్టింది. 90కి పైగా దేశాల పొలాల్లో ఇది ఉంది. ఇంత విస్తరించిన మొక్కకు విత్తనాలతో పెద్దగా పనే లేదు. పూలు పూస్తుంది కానీ ఆ గింజల్లో మొలకెత్తేవి చాలా తక్కువ. దాని బలమంతా గడ్డల్లో ఉంది.

పోయిన ఆదివారం మా పెరట్లో ఒక మొక్కను పీకకుండా, చుట్టూ నీళ్లు పోసి మట్టి కరిగిస్తూ బయటికి తీశాను. గంటన్నర పట్టింది. పైన నిగనిగలాడే ఆకులు, మూడు వైపులకు విచ్చుకుని ఉన్నాయి. పూల కాడను వేళ్ల మధ్య దొర్లిస్తే మూడు అంచులు తగులుతాయి, గడ్డి కాడైతే గుండ్రంగా తిరుగుతుంది. మట్టికి కాస్త కింద చిన్న ఉల్లిపాయలాంటి ఉబ్బు. దాని నుంచి సేమ్యా అంత సన్నని తెల్లటి పోగు పక్కకు పాకింది. దాని చివర రేగు గింజంత గడ్డ, గోధుమ రంగు పొలుసులతో. ఆ గడ్డ నుంచి మళ్లీ పోగు. ఇది పాతది కాబట్టి నల్లబడి తీగలా గట్టిపడింది. మళ్లీ గడ్డ, మళ్లీ పోగు. మొత్తం ఏడు గడ్డలు ఒక గొలుసుగా వచ్చాయి. పైన ఆకు వేసింది మాత్రం ఒక్కచోటే.

ఒక గడ్డను గోటితో చీలిస్తే కర్పూరం, మిరియం కలిసిన ఘాటు. ఆ మిరియపు వాసనకు కారణమైన పదార్థం పేరే రొటండోన్. దాన్ని మొదట గుర్తించింది ఈ గడ్డల్లోనే, అందుకే తుంగ శాస్త్రీయ నామం సైపెరస్ రొటండస్ నుంచి ఆ పేరు పెట్టారు. మిరియాలకు ఆ వాసన ఇచ్చేది కూడా అదేనని తర్వాత తేలింది. మన అమ్మమ్మలు సున్నిపిండిలో కచ్చూరాలు, బావంచాలతో పాటు వేసిన తుంగముస్తలు ఇవే. సూడాన్‌లో నైలు నది దగ్గర తవ్వకాల్లో దొరికిన, దాదాపు ఎనిమిది తొమ్మిది వేల ఏళ్ల నాటి మనుషుల పళ్ల గారలో తుంగ గడ్డ ఆనవాళ్లు కనిపించాయి. అంటే వాళ్లు దీన్ని తిన్నారు. మనిషికి తుంగతో ఉన్న బంధం పాతది.

ఇక అసలు సంగతి. ఈ గొలుసును ఒక ఉమ్మడి కుటుంబం అనుకోండి. ఏడు గడ్డలకూ మొలకెత్తే శక్తి ఉంది, ఒక్కో గడ్డ మీద నాలుగైదు కళ్లు ఉన్నాయి. అయినా మొలిచింది చివరనున్న గడ్డ ఒక్కటే. మిగతా ఆరూ పడుకుని ఉన్నాయి. పెత్తనం ఒకరిది, తక్కినవాళ్లు ఆ గడప దాటరు. ఒక్కో గడ్డ లోపల చూసినా అంతే, పై కన్ను లేస్తే కింది కళ్లు లేవవు. దీన్నే అగ్రాధిక్యత అంటాం.

ఈ పెత్తనం ఎలా నడుస్తుందో 1933లో కెనెత్ థైమన్, ఫోక్ స్కూగ్ చిక్కుడు జాతి మొలకల మీద చూపించారు. మొలక కొన తుంచితే పక్క మొగ్గలు లేచాయి. తుంచినచోట ఆక్సిన్ అనే మొక్కల హార్మోన్ ఉన్న చిన్న అగర్ (జెల్లీలాంటి పదార్థం) ముక్క పెడితే, కొన లేకపోయినా పక్క మొగ్గలు లేవలేదు. అంటే కొన నుంచి కిందికి దిగే ఆక్సిన్ మొగ్గలను ఆపుతోంది. విచిత్రమేమిటంటే ఆ ఆక్సిన్ మొగ్గలోకి నేరుగా వెళ్లదు. కాండంలో అది ప్రవహిస్తుంటే మొగ్గను లేపే సైటోకైనిన్ల తయారీ తగ్గుతుంది, అణచే స్ట్రైగోలాక్టోన్ల తయారీ పెరుగుతుంది. 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు బఠాణీ మొక్కలతో ఇంకో మాట చేర్చారు. కొన తుంచగానే పక్క మొగ్గకు ముందుగా అందేది చక్కెర. ఆక్సిన్ తగ్గకముందే చక్కెర అక్కడికి చేరిపోతుంది. అప్పటిదాకా వండిందంతా పెద్దాయన విస్తట్లోకే పోతోంది, ఆయన లేవగానే వడ్డన మిగతావాళ్ల వైపు తిరిగింది.

ఇప్పుడు మీరు తుంగను పట్టుకుని లాగారు. ఆకులు, ఆ ఉల్లిపాయలాంటి ఉబ్బు చేతికి వచ్చాయి, పోగు పుటుక్కున తెగింది. పెత్తందారు పోయాడు. కింద ఆరుగురూ వేరు పడ్డారు. పదిరోజుల్లో ఎవరి పొయ్యి వాళ్లు వెలిగిస్తారు. మీరు ఒక మొక్క పీకారు, ఆరు వచ్చాయి. (నిజానికి తెగింది వేరు కాదు, కాండమే. అల్లం, పసుపు కొమ్ముల్లాంటిదే సన్నగా సాగింది. నేను ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతాను. కొమ్ము, కందం, లశునం, దుంప అని రెండు మార్కుల కోసం బట్టీ పట్టేవాళ్లే, కాలేజీ గ్రౌండు అంతా తుంగ ఉన్నా ఒక్కసారి తవ్వి చూడరు. గడ్డ చేతిలో పెడితే ఐదు నిమిషాల్లో జీవితకాలానికి సరిపడా గుర్తుండిపోతుంది.)

మూడేళ్ల కిందట నేనూ పవర్ వీడర్ అద్దెకు తెచ్చి జూలై నెలలో పెరడంతా తిప్పించాను. మట్టి పిండిలా అయింది, కళ్లకు ఎంతో బాగుంది. రెండు వారాల వానకు అదే మట్టి మీద పచ్చటి తివాచీ పరిచినట్టు తుంగ లేచింది. గొలుసులన్నీ ముక్కలై ఎక్కడి ముక్క అక్కడ మొలిచింది. అప్పుడు కలుపు తీయడానికి వచ్చిన నల్గొండ అవ్వ చూసి చెప్పిన మాట ఇప్పటికీ నా పాఠంలో చెబుతాను. "గుంజితే తెగుతది సారూ, గడ్డ లోపట్నే ఉంటది. మొలిచినప్పుడల్లా చెక్కుకుంట పోవాలె, సందియ్యద్దు."

ఆ "సందియ్యద్దు"లోనే శాస్త్రమంతా ఉంది. కుటుంబాన్ని విడగొట్టడం తప్పు కాదు, విడగొట్టి వదిలేయడం తప్పు. ఉమ్మడిగా ఉన్నంతకాలం నిద్రలో ఉన్న గడ్డలను ఏ పారా, ఏ మందూ ఏమీ చేయలేదు. వేరు పడితేనే అవి బయటికి వస్తాయి, బయటికి వస్తేనే ఖర్చు మొదలవుతుంది. ఒక్కో గడ్డకు ఒక్కటే గాదె, అందులో ఉన్నంతే పిండి. తుంగకు దగ్గరి చుట్టమైన పసుపు తుంగలో కొలిచి చూస్తే, గడ్డ మొదటిసారి మొలకెత్తడానికే నిల్వలో 60 శాతం పైగా ఖర్చయిపోయింది. కొత్త ఆకులు మొదట గాదెను తింటాయి. తర్వాత కొన్నాళ్లకు సొంత సంపాదన మొదలై ఖర్చు, ఆదాయం సరిపోతాయి. ఆ తర్వాతే మిగులు కిందికి దిగుతుంది, కొత్త గడ్డలు కట్టడం మొదలవుతుంది. మొలిచిన మూడు నుంచి ఆరు వారాల్లో ఇది జరుగుతుంది.

కాబట్టి కొత్త కాపురానికి మొదటి జీతం అందకముందే చెక్కేయాలి. పన్నెండు నుంచి పదిహేను రోజులకోసారి. చెక్కితే మళ్లీ గాదెలోంచే తీసి ఇంకో కన్ను లేపాలి. ఈసారి మొలక సన్నగా, పాలిపోయి వస్తుంది, చూడగానే తెలుస్తుంది. మళ్లీ చెక్కాలి. నెలకోసారి బాగా కనిపించాక పీకుదాం అనుకుంటే మాత్రం జీతం పడ్డాక ఇంటికి వెళ్లినట్టు, అప్పటికే కొత్త గడ్డలు కట్టేసి ఉంటాయి. బోడుప్పల్ తోటలో రెండేళ్లుగా జరిగింది ఇదే. నెలలు గడిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఆ పసుపు తుంగ లెక్కే చాలు. అమెరికాలోని మిన్నెసోటాలో ఒక్క గడ్డ నాటితే ఏడాదిలో 1,900 మొక్కలు, దాదాపు 6,900 గడ్డలు వచ్చాయి.

మన ఊళ్లో దీనికి ఒక గొప్ప సాయం ఉంది, మే నెల. తుంగ గడ్డ నీట మునిగినా తట్టుకుంటుంది కానీ ఎండిపోతే బతకదు. గడ్డలు ఎక్కువగా పై 15 సెంటీమీటర్లలోనే ఉంటాయి కాబట్టి, పంట లేని మడిని ఏప్రిల్ ఆఖర్లో తిరగేసి నీళ్లు పూర్తిగా ఆపేయండి. నాలుగైదు రోజులకోసారి మట్టి తిరగేస్తూ ఉంటే కింది గడ్డలు పైకి వస్తాయి. చల్కా (ఎర్ర ఇసుక) నేల అయితే త్వరగా ఆరుతుంది. నల్లమట్టిలో పెద్ద పెళ్లల లోపల గడ్డలు చల్లగా దాక్కుంటాయి, పెళ్లలు పగలగొట్టాలి. పక్క మడికి పెట్టిన పైపు కారి ఇటు తడి తగిలితే ఆ వారం శ్రమ పోయినట్టే.

నల్ల ప్లాస్టిక్ షీటు పరిస్తే పోతుందని చాలామంది అంటారు. మిగతా కలుపు పోతుంది, తుంగ ఆ షీటును చీల్చుకుని వస్తుంది. దీని వెనక ఉన్న సంగతి నాకెంతో ఇష్టం. చీకట్లో పెరిగే తుంగ మొలక ఆకులన్నిటినీ గట్టిగా చుట్టుకుని సూదిలా ఉంటుంది, వెలుతురు తగిలాకే విప్పుతుంది. నల్ల షీటు కింద వెలుతురు లేదు, సూది సూదిగానే వచ్చి పొడుస్తుంది. పారదర్శక షీటు కింద వెలుతురు ముందే తగులుతుంది, మొలక షీటుకు కిందే ఆకులు విప్పేస్తుంది. విప్పిన ఆకు పొడవలేదు, ఆ వేడికి అక్కడే మాడుతుంది. కాబట్టి వేసవిలో మట్టి తడిపి పారదర్శక షీటే బిగువుగా పరవాలి. లోతు గడ్డలు దీనికీ మిగులుతాయి, వాటికి మళ్లీ చెక్కుడే.

అమావాస్య నాడు పీకితే మళ్లీ రాదనే మాట మా వీధిలోనూ ఉంది. గడ్డకు చంద్రుడితో సంబంధం లేదు, పోగు ఏ రోజు తెగినా తెగడమే. అమావాస్య గుర్తుంచుకుని నెలకోసారే పీకడం నష్టం కూడా. ఫోన్లో తిరిగే ఉప్పు, వెనిగర్, సబ్బునీళ్ల వీడియోలు ఇంకా ప్రమాదం. ఆకు సాయంత్రానికే మాడుతుంది, చూసినవాళ్లు నమ్ముతారు. గడ్డకు ఏమీ కాదు. ఉప్పు మాత్రం మట్టిలో మిగిలిపోతుంది, దాని సోడియం బంకమట్టి రేణువులను విడగొట్టి నేలను గట్టిపరుస్తుంది. దయచేసి కూరగాయల మడిలో ఉప్పు పోయకండి.

మందు సంగతి ఒక్క ముక్కలో. గ్లైఫోసేట్ అనే కలుపు మందు ఆకు నుంచి చక్కెర వెళ్లే దారిలోనే ప్రయాణించి, ఫినైల్‌అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే మూడు అమైనో ఆమ్లాలు తయారయ్యే దారిని మూసేస్తుంది. చక్కెర ఎటు పోతే మందు అటు. నిద్రపోతున్న గడ్డకు అన్నం అందదు కాబట్టి విషమూ అందదు. ఉమ్మడి కుటుంబం దాన్ని అలా కాపాడుతుంది. పైగా 2022 అక్టోబరులో దీన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు మాత్రమే వాడాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఇంటి తోటకు అది మార్గం కాదు.

గరిక ఉన్నవాళ్లకు కొంచెం సులువు, దాని తీగ ఎక్కువగా నేలమీదే పాకుతుంది. కానీ ప్రతి కణుపూ ఒక మొక్కే. పూజలో చదివే దూర్వా మంత్రం దాన్ని కణుపు కణుపునా మొలిచేదానా అని పిలుస్తుంది. చదివిన ప్రతిసారీ ఆ పరిశీలనకు నాకు ఒళ్లు పులకరిస్తుంది. తీగను ముక్కలు చేయకుండా మొదలు నుంచి చివరిదాకా చుట్టుకుంటూ లేపాలి, లోపల దిగిన కొమ్ములను గునపంతో తీయాలి. తీసినదాన్ని కంపోస్టులో కాక ఎండలో వేయాలి.

గరికకూ తుంగకూ ఒకే బలహీనత, నీడ. రెండూ సి4 అనే ప్రత్యేక పద్ధతిలో పిండి వండుకునే మొక్కలు, మండే ఎండలో మన కూరగాయల్లో చాలావాటికంటే చురుగ్గా ఆ పని చేస్తాయి, నీడలో ఆ లాభం పోతుంది. అందుకే రెండు మూడు సార్లు చెక్కిన మడిలో జూలైలో కందగడ్డ (చిలగడదుంప) తీగలు గానీ బొబ్బర్లు గానీ దగ్గరదగ్గరగా పెట్టండి. నేల కనిపించకుండా కమ్ముకునేదాకా చెక్కుడు ఆపకండి. కమ్ముకున్నాక మిగిలిన తుంగ మొలిచినా గడ్డ కట్టేంత పిండి దానికి మిగలదు. రెండు వర్షాకాలాలు ఇలా చేయాల్సి వస్తుంది, ఒక్క సీజన్లో పోతుందని మాట ఇవ్వలేను.

ఇంకొకటి. మా ఇంట్లోకి తుంగ వచ్చింది ట్రాక్టర్‌తో తోలించిన ఎర్రమట్టిలో. మట్టి గానీ మాగని పశువుల ఎరువు గానీ తెప్పించే ముందు ఒక తట్టెడు తెచ్చి, రోజూ తడుపుతూ రెండు మూడు వారాలు ఎండలో ఉంచండి. మూడు వైపులకు విచ్చుకున్న నిగనిగలాడే ఆకు ఒక్కటి లేచినా ఆ లోడు వద్దని చెప్పేయండి.