మళ్ళీ సూదులు పట్టేవారికి: అల్లికపై అపోహలు, వాస్తవాలు

నా దగ్గరికి ఊలు అల్లిక నేర్చుకోవడానికి వచ్చేవారిలో కొత్తవారికంటే, ఎప్పుడో మానేసి మళ్ళీ మొదలుపెట్టేవారే ఎక్కువ. వారి నోట తరచూ వినే మాటలివి.

అపోహ: ఇరవై ఏళ్ళయింది, అంతా మరిచిపోయాను.

వాస్తవం: సాధారణంగా మరిచిపోయేది సూది మీదికి తొలి కుట్లు ఎక్కించడం ఒక్కటే. ఒక స్వెట్టర్‌లో ఆ పని నాలుగైదుసార్లే వస్తుంది, అల్లికలో మామూలుగా వేసే నిట్టు కుట్టు వేలసార్లు వస్తుంది. చేతికి ఏది అలవాటై ఉంటుందో మీరే చెప్పండి. నేను కుట్లు ఎక్కించి ఇస్తే, నాలుగు వరుసలు దాటేసరికి కబుర్లు చెబుతూ అల్లేస్తారు.

అపోహ: సూది నంబరు ఎక్కడైనా ఒకటే.

వాస్తవం: నేనూ ఇలాగే దెబ్బతిన్నాను. అమెరికాలో ఉన్న కూతురు మనవడి స్వెట్టరు ఎలా అల్లాలో రాసిన నమూనా పంపింది. 8వ నంబరు సూదులని ఉంది. అమ్మ వాడిన 8వ నంబరు సూదులు ఇంట్లోనే ఉన్నాయని మురిసిపోయి మొదలుపెట్టాను. మన పాత సూదులవి బ్రిటిష్ నంబర్లు: అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా లెక్క దానికి తలకిందులు. మన 8 అంటే 4 మిల్లీమీటర్లు, వారి 8 అంటే 5. పదో నంబరుకు వస్తే తేడా ఇంకా ఘోరం: ఇక్కడ 3.25, అక్కడ 6. మూడేళ్ళవాడికి అల్లిన ఆ స్వెట్టరు చివరికి పక్కింటి పసిపాప వేసుకుంది. అప్పటి నుంచి నంబరు చూడను, మిల్లీమీటర్లే చూస్తాను.

అపోహ: కొలత సరిచూసుకోవడానికి ముందుగా చిన్న ముక్క అల్లడం దండగ.

వాస్తవం: విరామం తర్వాత చాలామంది దారాన్ని బిగించి పట్టుకుంటారు. 10 సెంటీమీటర్లకు 20 కుట్లు రావలసిన చోట మీకు 22 వస్తున్నాయనుకోండి. ఛాతీ చుట్టూ 200 కుట్లతో 100 సెంటీమీటర్లు రావలసింది 91 దగ్గరే ఆగిపోతుంది. రెండు కుట్లే కదా అనిపిస్తుంది, తల దూర్చేటప్పుడు తెలుస్తుంది. ముక్కను ఉతికి ఆరబెట్టిన తర్వాతే కొలవండి.

అపోహ: విప్పిన పాత ఊలు పనికిరాదు.

వాస్తవం: చిలపగా, అంటే పొడవాటి వలయంలా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి నీడలో వేలాడదీస్తే అసలైన ఊలులోని వంకరలు పోతాయి. లాగితే తెగుతోందంటే మాత్రం పురుగు తినేసినట్టే, మమకారం వదులుకోండి. కృత్రిమ దారమైన అక్రిలిక్‌కు ఆ పురుగు బెడద లేదు.

అపోహ: మన ఎండలకు నూలు దారంతో మొదలుపెట్టడమే మేలు.

వాస్తవం: నూలు సాగదు, మణికట్టు త్వరగా అలసిపోతుంది. తొలి నెల ఊలుతోనే అల్లండి, అదీ లేత రంగుది. నలుపు, ముదురు నీలం రంగుల్లో జారిన కుట్టు కళ్ళజోడు పెట్టుకున్నా కనిపించదు.