యాడ్ బ్లాకర్ ఆగిపోవడానికి ముందు 30 ఏళ్లు

2024 జూన్‌లో క్రోమ్ బీటా (అందరికీ ఇచ్చే ముందు పరీక్షించే రూపం) వాడేవాళ్లకు ఎక్స్‌టెన్షన్ల పేజీలో, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాంల పేజీలో, ఓ హెచ్చరిక కనిపించింది. పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లు త్వరలో పనిచేయవని దాని సారాంశం. ఆ జాబితాలో యూబ్లాక్ ఆరిజిన్ కూడా ఉంది. ఒక్క క్రోమ్‌లోనే 3 కోట్ల మందికి పైగా వాడుతున్న యాడ్ బ్లాకర్ అది. అక్టోబరు నుంచి మామూలు క్రోమ్‌లోనూ అలాంటివి విడతలవారీగా ఆగిపోతూ వచ్చాయి. కొన్నాళ్లు చేత్తో మళ్లీ ఆన్ చేసుకునే వీలుండేది. 2025 జూలైకి అదీ పోయింది. ఏళ్ల తరబడి క్రోమ్ తప్ప మరొకటి ముట్టని వాళ్లు కూడా వేరే బ్రౌజర్ వెతుక్కోవడం అప్పుడే మొదలైంది.

ఈ మార్పు ఒక్క రోజులో ఊడిపడింది కాదు. మనం చూసే పేజీ మీద చివరి మాట ఎవరిది, మనదా, బ్రౌజర్ తయారుచేసినవాళ్లదా, ప్రకటన అమ్ముకునేవాళ్లదా అన్న తగాదా వెబ్ పుట్టిన తొలి ఏళ్ల నుంచీ ఉంది.

1994లో నెట్‌స్కేప్ బ్రౌజర్ కంపెనీ ఇంజినీర్ లూ మాంటుల్లీ కుకీని తయారుచేశారు. సైటు మన బ్రౌజర్‌లో దాచిపెట్టే చిన్న సమాచారపు ముక్క అది. ఒక సైటు తన దగ్గరికి వచ్చినవాళ్లను గుర్తుపెట్టుకోవడానికి, ఆన్‌లైన్ దుకాణంలో ఎంచుకున్న వస్తువులు పేజీ మారగానే మాయం కాకుండా ఉండటానికి అది పనికొచ్చింది. ఒక సైటు కుకీని మరో సైటు చదవలేకుండా జాగ్రత్త కూడా పెట్టారు. అయితే ఒక పేజీలో బొమ్మలు, ప్రకటనలు వేరే సర్వర్ల నుంచి వస్తాయి. ఆ సర్వర్లూ తమ కుకీ పెట్టగలవు. ఒకే ప్రకటనల కంపెనీ వెయ్యి సైట్లలో ఉంటే, ఆ వెయ్యి సైట్లలో ఒకే మనిషి నడకను అది గమనించగలదు. థర్డ్ పార్టీ కుకీ అంటే ఇదే.

ఈ ప్రమాదం ఎవరికీ తట్టలేదనుకోవడం పొరపాటు. 1997 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2109 అనే ప్రమాణ పత్రం ఇలాంటి కుకీలను బ్రౌజర్లు తమంతట తాము అనుమతించకూడదని స్పష్టంగా చెప్పింది. దాన్ని రాసిన ఇద్దరిలో మాంటుల్లీ ఒకరు. అప్పటి పెద్ద బ్రౌజర్లు నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రెండూ ఆ సలహాను అమలు చేయలేదు. ఆ ఒక్క డిఫాల్ట్ (మనం మార్చకపోతే ఉండే సెట్టింగు) అప్పుడే సరిగా పెట్టి ఉంటే వెబ్ ప్రకటనల వ్యాపారం వేరే దారిలో పెరిగి ఉండేదని నా నమ్మకం. బ్రౌజర్ సెట్టింగుల్లోకి వెళ్లి మార్చుకునేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. డిఫాల్ట్‌గా ఏముందో చాలామందికి అదే శాశ్వతం.

తర్వాతి అధ్యాయం చాలామందికి తెలిసిందే. విండోస్‌తో కలిపి ఇచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నెట్‌స్కేప్‌ను మట్టి కరిపించింది. 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది. పోటీ లేకపోయేసరికి 2001లో వచ్చిన ఆరో వెర్షన్ తర్వాత ఏడో వెర్షన్ రావడానికి ఐదేళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో పాప్‌అప్‌లతో, స్పైవేర్‌తో జనం విసిగిపోయారు.

2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చినప్పుడు అంత ఆదరణ దొరికింది ఇందుకే. నెట్‌స్కేప్ బయటపెట్టిన సోర్స్ కోడ్ నుంచి పుట్టిన ఈ బ్రౌజర్ పాప్‌అప్‌లను తనంతట తానే ఆపేది, ట్యాబ్‌లు ఇచ్చేది. అన్నిటికంటే ముఖ్యం, ఎక్స్‌టెన్షన్లకు తలుపులు బార్లా తెరిచింది. ఎవరైనా ఓ చిన్న ప్రోగ్రాం రాసి బ్రౌజర్ రూపాన్ని, ప్రవర్తనను దాదాపు ఏ మూలనైనా మార్చగలిగేవారు. 2006లో వ్లాదిమిర్ పాలంత్ యాడ్‌బ్లాక్ ప్లస్ విడుదల చేశారు. ఏ ప్రకటన రావాలో వద్దో తేల్చే అధికారం తొలిసారి పెద్ద ఎత్తున మామూలు మనిషి చేతికి వచ్చింది. బ్రౌజర్ల చరిత్రలో దీన్ని మించిన మలుపు నాకు కనిపించదు.

2008లో జరిగిన రెండు విషయాలను పక్కపక్కన పెట్టి చూడాలి. మార్చిలో గూగుల్ డబుల్‌క్లిక్ కొనుగోలును పూర్తిచేసింది. వెబ్ అంతటా ప్రకటనలు చూపుతూ కుకీలతో జనాన్ని గుర్తించే వ్యాపారంలో అది అతి పెద్ద పేర్లలో ఒకటి. సెప్టెంబరులో క్రోమ్ విడుదలైంది. క్రోమ్ మంచి బ్రౌజరే, ఆ మాట ఒప్పుకోవాలి. ఒక ట్యాబ్ కూలిపోతే మిగతావి బతికి ఉండేలా ట్యాబ్‌లను వేర్వేరు ప్రాసెస్‌లుగా నడిపింది. జావాస్క్రిప్ట్ వేగాన్ని ఎక్కడికో తీసుకెళ్లింది. భద్రత విషయంలో పోటీదారులందరికీ పాఠం చెప్పింది. 2010 నుంచి ఎక్స్‌టెన్షన్లూ వచ్చాయి, వాటిలో యాడ్ బ్లాకర్లకూ చోటిచ్చింది. అయినా ప్రకటనల ద్వారా బతికే సంస్థే, ఆ ప్రకటనలను ఆపగల పనిముట్టుకు యజమాని కావడం ఆ ఏడాదే మొదలైంది. కొన్నేళ్లు ఆ వైరుధ్యం ఎవరినీ పెద్దగా బాధించలేదు.

ఈలోగా ఫైర్‌ఫాక్స్ తన అభిమానుల్నే నొప్పించింది. బార్లా తెరిచిన తలుపుల వల్ల బ్రౌజర్ లోపల ఏ చిన్న మార్పు చేసినా వేల ఎక్స్‌టెన్షన్లు విరిగిపోయేవి. అందుకని 2017 నవంబరులో 57వ వెర్షన్‌తో పాత ఎక్స్‌టెన్షన్లన్నిటినీ పక్కనపెట్టి, క్రోమ్ పద్ధతికి దగ్గరగా ఉన్న వెబ్‌ఎక్స్‌టెన్షన్స్‌కు మారింది. వేగం బాగా పెరిగింది. కానీ ఏళ్లుగా అలవాటైన ఎన్నో ఎక్స్‌టెన్షన్లు తిరిగి రాలేదు, వాటితోపాటు కొందరు వాడకందారులూ వెళ్లిపోయారు. 2019 మే నెలలో, ఎక్స్‌టెన్షన్లు అసలైనవేనని బ్రౌజర్ తేల్చుకునే సంతకాల సర్టిఫికెట్ గడువు తీరిపోవడంతో ప్రపంచమంతటా ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్లు ఒక్కసారిగా ఆగిపోవడం మరో దెబ్బ.

ఇక అసలు వివాదానికి వద్దాం. ప్రతి ఎక్స్‌టెన్షన్‌లో మ్యానిఫెస్ట్ అనే ఫైలు ఉంటుంది. తన పేరేమిటో, ఏ అనుమతులు కావాలో అందులో రాసుకుంటుంది. 2018 చివర్లో గూగుల్ దాని మూడో రూపాన్ని, మ్యానిఫెస్ట్ వీ3ని ప్రతిపాదించింది. రెండో రూపంలో వెబ్ రిక్వెస్ట్ అనే సదుపాయం ఉండేది. పేజీ ఏ సర్వర్‌ను ఏమడిగినా, ఆ అభ్యర్థన బయటికి వెళ్లకముందే ఎక్స్‌టెన్షన్ దాన్ని చూసి, అప్పటికప్పుడు ఆలోచించి ఆపగలిగేది. మూడో రూపంలో ఆ ఆపే శక్తి పోయింది. దాని బదులు డిక్లరేటివ్ నెట్ రిక్వెస్ట్ వచ్చింది. గేటు దగ్గర మన మనిషి నిలబడి వచ్చేవాళ్లను ఒక్కొక్కరినీ చూసి పంపడం ఒక పద్ధతి. ఎవరిని రానివ్వకూడదో ముందే చీటీ రాసి గేటు యజమానికి ఇచ్చేసి రావడం రెండోది. చీటీలో ఎన్ని పేర్లుండాలో, ఎలా రాయాలో కూడా యజమానే చెబుతాడు.

మొదట ఆ జాబితాకు 30,000 నియమాల పరిమితి పెట్టారు. యాడ్ బ్లాకర్లు వాడే ఒక్కో ఫిల్టర్ లిస్టులోనే పదుల వేల నియమాలుంటాయి. నిరసనల తర్వాత పరిమితిని బాగా పెంచారు, ఇప్పుడు మూడు లక్షలు దాటుతుంది. అయితే గొడవ అంకె గురించే కాదు. యూబ్లాక్ ఆరిజిన్ రూపకర్త రేమండ్ హిల్ 2019 జనవరిలోనే దీన్ని ఎత్తిచూపారు. ప్రకటనల సంస్థలు తమ ఎత్తుగడలను రోజురోజుకూ మారుస్తుంటాయి. వాటికి దీటుగా కొత్త పద్ధతులు కనిపెట్టే స్వేచ్ఛ ఎక్స్‌టెన్షన్ చేతిలో ఉండాలి. ఉదాహరణకు మన నడకను గమనించే కొన్ని ట్రాకర్లు తమ సర్వర్‌కు మనం చూస్తున్న సైటు పేరుతోనే ఓ మారుపేరు తగిలించి వస్తాయి. ఫైర్‌ఫాక్స్‌లో డీఎన్‌ఎస్ సదుపాయం (ఒక పేరు వెనక అసలు ఏ సర్వర్ ఉందో చెప్పే వ్యవస్థ) ఎక్స్‌టెన్షన్లకు అందుబాటులో ఉండటంతో యూబ్లాక్ ఆరిజిన్ ఆ ముసుగు తీసి చూడగలుగుతోంది. క్రోమ్‌లో ఆ వీలు ఎప్పుడూ లేదు.

గూగుల్ చెప్పిన కారణాలు భద్రత, వ్యక్తిగత గోప్యత, వేగం. వీటిలో నిజం లేకపోలేదు. ఎక్స్‌టెన్షన్లు ఎంత చేటు చేయగలవో చూశాం. ట్యాబ్‌లను నిద్రపుచ్చే ద గ్రేట్ సస్పెండర్ చేతులు మారిన తర్వాత, అందులో మాల్‌వేర్ ఉందంటూ 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని తొలగించింది. రక్షణ ఇస్తామన్న అవాస్ట్ సంస్థ తన వాడకందారుల బ్రౌజింగ్ వివరాలు సేకరించి అమ్మినందుకు అమెరికా వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2024లో ఒక కోటి 65 లక్షల డాలర్లు కట్టించింది. బయటి సర్వర్ల నుంచి కోడ్ తెచ్చి నడపడాన్ని వీ3 నిషేధించడం నూటికి నూరుపాళ్లు సరైన పని.

కానీ ఒక్క విషయం చూడండి. వీ3లో వెబ్ రిక్వెస్ట్ పూర్తిగా పోలేదు. అభ్యర్థనలను గమనించే వీలు అలాగే ఉంది, ఆపే వీలు మాత్రమే తీసేశారు. మన మీద నిఘా పెట్టాలనుకునే ఎక్స్‌టెన్షన్‌కు గమనించడం చాలు. ఆపడం కావాల్సింది నిఘాను అడ్డుకునేవాళ్లకు. ప్రకటనలను ఆపే సాంకేతికతలను గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ తన వార్షిక నివేదికల్లో వ్యాపారానికి ముప్పుగా చూపుతూ వచ్చిన సంగతి కూడా దీనికి కలిపి చదివితే, భద్రత వాదన ఒక్కదాన్నే నమ్మడం నాకు సాధ్యం కాదు.

నమ్మకం సడలడానికి ఇదొక్కటే కారణం కాదు. 2018 సెప్టెంబరులో వచ్చిన క్రోమ్ 69లో, జీమెయిల్‌లోకి లాగిన్ అయితే చాలు, అడగకుండానే బ్రౌజర్‌లోకి కూడా సైన్ ఇన్ చేసేసేది. గోల రేగాక తర్వాతి వెర్షన్‌లో దాన్ని ఆపుకునే వీలిచ్చారు. ఇన్‌కాగ్నిటో మోడ్‌లోనూ సమాచారం సేకరించారన్న 2020 నాటి దావాలో, వందల కోట్ల రికార్డులను నాశనం చేయడానికి గూగుల్ ఒప్పుకున్నట్టు 2024 ఏప్రిల్‌లో వెల్లడైంది. థర్డ్ పార్టీ కుకీల సంగతి మరీ సాగింది. సఫారీ 2020 మార్చి నాటికి వాటిని పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2019లో తెలిసిన ట్రాకర్ల కుకీలను ఆపి, 2022లో ఏ సైటు కుకీలను ఆ సైటుకే పరిమితం చేసింది. రెండేళ్లలో తీసేస్తామని 2020 జనవరిలో చెప్పిన గూగుల్ గడువును పదేపదే వెనక్కి జరిపి, 2024 జూలైలో ఆ ఆలోచనే మానుకుంది.

మరి మారాలంటే ఎక్కడికి? పేర్లు చాలానే ఉన్నా వాటి అడుగున ఉండి పేజీని తెర మీద చూపించే ఇంజిన్లు ప్రధానంగా మూడే. ఎడ్జ్, ఒపేరా, వివాల్డీ, బ్రేవ్ అన్నీ క్రోమ్ నడిచే క్రోమియం మీదే నిలబడ్డాయి. ఎక్స్‌టెన్షన్ల విషయంలో గూగుల్ తీసేసిన కోడ్‌ను అవి సొంతంగా ఎంతకాలం మోయగలవన్నది ఎప్పుడూ ప్రశ్నే. బ్రేవ్‌లో ప్రకటనలను ఆపే ఏర్పాటు ఎక్స్‌టెన్షన్‌గా కాక బ్రౌజర్‌లోనే ఉంది కాబట్టి వీ3 దెబ్బ దానికి తగలదు. అయితే 2020లో అడ్రస్ బార్‌లో కొన్ని క్రిప్టో సైట్ల పేర్లు టైప్ చేస్తే తన కమిషన్ లింకులు చేర్చినట్టు బయటపడి బ్రేవ్ కూడా మాట పడింది. సఫారీ ఆపిల్ పరికరాలకే పరిమితం.

యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపం కావాలనుకునేవాళ్లకు మిగిలేది ఫైర్‌ఫాక్స్, దాని మీద ఆధారపడిన బ్రౌజర్లు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా పాత మ్యానిఫెస్ట్‌ను కొనసాగిస్తోంది, వీ3లోనూ ఆపే శక్తిని ఉంచింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో క్రోమ్ ఎక్స్‌టెన్షన్లే ఇవ్వదు. ఫైర్‌ఫాక్స్ 2023 డిసెంబరు నుంచి వందలాది ఎక్స్‌టెన్షన్లకు తలుపు తెరిచింది. అందుకే ఫోన్‌లో తేడా కంప్యూటర్ మీద కంటే ఎక్కువగా తెలుస్తుంది.

ఇక్కడే అసలు చిక్కుంది. తమ ఆదాయంలో దాదాపు 90 శాతం ఫైర్‌ఫాక్స్ నుంచే వస్తుందని, అందులో సుమారు 85 శాతం గూగుల్‌ను డిఫాల్ట్ సెర్చ్‌గా ఉంచే ఒప్పందానిదేనని 2025లో మొజిల్లా ఆర్థిక అధికారి అమెరికా కోర్టులో చెప్పారు. అదే ఏడాది ఫిబ్రవరిలో, మీ సమాచారాన్ని ఎప్పటికీ అమ్మం అన్న పాత హామీని మొజిల్లా తన పేజీల నుంచి తీసేయడంతో దాన్ని ఇన్నాళ్లూ వెనకేసుకొచ్చినవాళ్లే నిలదీశారు. గూగుల్ సెర్చ్ గుత్తాధిపత్యం కేసులో జడ్జి అమిత్ మెహతా 2025 సెప్టెంబరు 2న తీర్పిస్తూ క్రోమ్‌ను అమ్మక్కర్లేదన్నారు. వేరొకరికి చోటు లేకుండా చేసే ఒప్పందాలను నిషేధించినా, డిఫాల్ట్ కోసం డబ్బు చెల్లించడాన్ని పూర్తిగా ఆపలేదు. ఆ చెల్లింపులు ఆగి ఉంటే, యాడ్ బ్లాకర్లకు పూర్తి శక్తినిస్తున్న ఒకే ఒక్క పెద్ద బ్రౌజర్ ముందుగా దెబ్బతినేది.