సిమ్యులేటర్లను నడిపే ఏఐ ఏజెంట్లకు టూల్ వివరణలు: అపోహలు - వాస్తవాలు

మేము భీమవరంలో, రొయ్యల రైతులు మేత లెక్కలు, నీటి పరీక్షల వివరాలు రాసుకునే ఒక మొబైల్ యాప్‌ను పరీక్షిస్తుంటాం. సిమ్యులేటర్‌ను (కంప్యూటర్‌లో ఫోన్‌లా పనిచేసే ప్రోగ్రామ్‌ను) ఆన్ చేయడం, యాప్ ఎక్కించడం, లొకేషన్ మార్చడం వంటి పనులను ఇప్పుడు ఏఐ ఏజెంట్‌కు, అంటే చెప్పిన పనిని తనంతట తానే చేసుకుపోయే ఏఐ ప్రోగ్రామ్‌కు అప్పగిస్తున్నాం. ఇలాంటి ఒక్కో పని కోసం ఏజెంట్ పిలిచేదే టూల్. ఏజెంట్‌కు మన కోడ్ కనిపించదు. టూల్ పేరు, వివరణ, పారామీటర్లు (టూల్‌కు ఇవ్వాల్సిన విలువలు) మాత్రమే కనిపిస్తాయి. ఏఐ మోడళ్లను టూల్స్‌తో కలపడానికి 2024 నవంబరులో వెలువడిన ప్రమాణం మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోనూ టూల్‌ను ఏజెంట్‌కు పరిచయం చేసేవి ప్రధానంగా ఇవే. అయినా వివరణ రాయడాన్ని చాలామంది చివరి పది నిమిషాల పనిగా వదిలేస్తున్నారు.

అపోహ: పేరు బాగా పెడితే వివరణ ఒక్క ముక్కలో సరిపోతుంది.

వాస్తవం: ఐఫోన్ సిమ్యులేటర్లను నడిపే కమాండ్ ప్రోగ్రామ్ సిమ్‌సీటీఎల్‌లో ‘అన్‌ఇన్‌స్టాల్’ ఒక్క యాప్‌నే తీసేస్తుంది, ‘ఎరేజ్’ సిమ్యులేటర్‌ను ఉంచి అందులోని సమస్తాన్నీ చెరిపేస్తుంది, ‘డిలీట్’ ఆ సిమ్యులేటర్‌నే లేకుండా చేస్తుంది. మొదట్లో నేను ఎరేజ్ టూల్‌కు ‘సిమ్యులేటర్‌ను శుభ్రం చేస్తుంది’ అని రాసి ఊరుకున్నాను. ఒకరోజు యాప్ బిగుసుకుపోతే, ఏజెంట్ సిమ్యులేటర్‌ను ఆఫ్ చేసి మరీ శుభ్రం చేసింది. మేము రెండు రోజులు కూర్చుని ఎక్కించిన చెరువుల లెక్కలన్నీ పోయాయి. నా వాక్యాన్ని బట్టి చూస్తే అది చేసిన పని సరైనదే. ఇప్పుడు ఆ వివరణ ఇలా ఉంది: ‘సిమ్యులేటర్‌లోని యాప్‌లు, డేటా, సెట్టింగులు అన్నీ చెరిపేస్తుంది, తిరిగి రావు. సిమ్యులేటర్ ముందే ఆఫ్ అయి ఉండాలి. ఒక్క యాప్‌ను తీసేయడానికి అన్‌ఇన్‌స్టాల్‌ను, బిగుసుకుపోయిన యాప్‌ను ఆపడానికి టెర్మినేట్‌ను వాడాలి.’ చివరి వాక్యమే అన్నిటికన్నా విలువైనదని నా అనుభవం, ఎందుకంటే ఈ టూల్ వద్దనుకుంటే ఏది పట్టుకోవాలో అది చెబుతుంది.

అపోహ: విలువ తప్పయితే ఎర్రర్ ఎలాగూ వస్తుంది, పారామీటర్లను విడమరచి రాయనక్కర్లేదు.

వాస్తవం: మన డెల్టాలో ఈ నమ్మకం మరీ ప్రమాదకరం. సిమ్‌సీటీఎల్ లొకేషన్ కమాండ్‌కు ముందు అక్షాంశం, తరువాత రేఖాంశం ఇవ్వాలి. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌లోని (ఆండ్రాయిడ్‌కు సిమ్యులేటర్ లాంటిది) ‘జియో ఫిక్స్’ కమాండ్‌కు ముందు రేఖాంశమే ఇవ్వాలి. అమలాపురం సుమారుగా 16.58 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 82.0 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఈ రెండూ తారుమారైతే ఫోన్ 82 డిగ్రీల ఉత్తరాన, స్వాల్‌బార్డ్ దీవులు దాటిన ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. అక్షాంశం 90 వరకు చెల్లుతుంది కాబట్టి ఏ టూలూ అభ్యంతరం చెప్పదు. గువాహటి లాగా రేఖాంశం 90 దాటిన ఊరైతే ఆ సంఖ్య అక్షాంశంగా చెల్లనే చెల్లదు. అందుకే ‘లొకేషన్ విలువలు’ అని వదిలేయకుండా, రెండింటినీ వేర్వేరు పారామీటర్లుగా పెట్టి, ప్రతిదానికీ పరిధినీ ఒక ఉదాహరణనూ రాస్తున్నాం. తెరను తాకే టూల్‌కూ ఇదే వర్తిస్తుంది: ఐఫోన్ 15 స్క్రీన్‌షాట్ 1179 × 2556 పిక్సెళ్లు ఉంటే, మేము వాడే టూల్ 393 × 852 పాయింట్ల లెక్కలో తాకుతుంది. ఏ కొలతలో ఇవ్వాలో చెప్పకపోతే ఏజెంట్ చూసిన బటన్ ఒకచోట, తాకేది మరొకచోట అవుతుంది.

అపోహ: ‘జాగ్రత్త’, ‘చాలా ముఖ్యం’ అని గట్టిగా రాస్తే ఏజెంట్ తప్పు చేయదు.

వాస్తవం: ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. లంక గ్రామాల వారికి ఆ అంకె వినగానే పశువులను గట్టుకు తోలాలో, సామాను సర్దాలో తెలుస్తుంది. టూల్‌లోని హెచ్చరికకూ అలాంటి గీత ఒకటి ఉండాలి. సిమ్యులేటర్ గుర్తింపు సంఖ్యకు బదులు ‘బూటెడ్’ (ఆన్‌లో ఉన్నది) అని ఇచ్చినప్పుడు, రెండు మూడు సిమ్యులేటర్లు ఆన్‌లో ఉంటే సిమ్‌సీటీఎల్ వాటిలో ఏదో ఒకదాన్ని తీసుకుంటుంది. కాబట్టి ‘జాగ్రత్తగా వాడాలి’ అనే బదులు ‘ఒకటి కంటే ఎక్కువ ఆన్‌లో ఉంటే బూటెడ్ అని ఇవ్వవద్దు, లిస్ట్ టూల్ నుంచి గుర్తింపు సంఖ్య తీసుకోవాలి’ అని రాశాం.

అపోహ: వివరణ ఎంత పొడవైతే అంత మేలు.

వాస్తవం: ప్రతి టూల్ వివరణా సంభాషణతో పాటే మోడల్ ముందుకు వెళ్లి చోటు తీసుకుంటుంది. ఏజెంట్ నిర్ణయాన్ని మార్చని వాక్యాన్ని తీసేయాలి.

అపోహ: టూల్ చేయగలిగినవి రాస్తే చాలు, చేయలేనివి రాయనక్కర్లేదు.

వాస్తవం: ఆండ్రాయిడ్‌లో ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్‌కు ఆదేశాలు పంపే ప్రోగ్రామ్) ద్వారా అక్షరాలు పంపే ‘ఇన్‌పుట్ టెక్స్ట్’ కమాండ్ తెలుగు లిపిని తీసుకోదు. మా యాప్‌లో రైతు పేరు తెలుగులోనే నమోదు కావాలి. ఈ సంగతి వివరణలో లేనంతకాలం ఏజెంట్ అదే పేరును మళ్లీ మళ్లీ పంపడం, తప్పు ఎమ్యులేటర్‌లో ఉందనుకుని దాన్ని రీస్టార్ట్ చేయడం చూశాను. ‘ఇంగ్లీషు అక్షరాలు, అంకెలకు మాత్రమే, తెలుగు లిపికి పరీక్షా కీబోర్డు టూల్‌ను వాడాలి’ అని చేర్చిన తరువాత అది నేరుగా ఆ కీబోర్డు టూల్‌నే పిలుస్తోంది.