నాష్‌విల్‌ని కంట్రీ సంగీతపు ఊరు చేసిన రేడియో: అపోహలు - వాస్తవాలు

మీడియం వేవ్ రేడియో ట్రాన్స్‌మిటర్ల దగ్గర ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసినవాణ్ని. అమెరికాలోని నాష్‌విల్ పేరెత్తగానే అందరూ కంట్రీ సంగీతం, అంటే అక్కడి పల్లె పాటలు పాడే గాయకుల గురించే చెబుతారు. ఆ పాటల్ని మోసిన టవర్ గురించి కూడా తెలియాలని ఇది రాస్తున్నాను.

అపోహ: కంట్రీ సంగీతం నాష్‌విల్‌లోనే పుట్టింది.
వాస్తవం: కాదు. 1920లలో ఆ పాటల రికార్డింగులకు అట్లాంటా పెద్ద కేంద్రం. రేడియోలోనూ చికాగో స్టేషన్ డబ్ల్యూఎల్ఎస్ 1924లోనే పల్లె పాటల కార్యక్రమం మొదలుపెట్టింది. నాష్‌విల్ పెద్దలు తమ ఊరిని 'దక్షిణాది ఏథెన్స్' అని చెప్పుకునేవారు. వాళ్లకు ఈ పాటలంటే చిన్నచూపు.

అపోహ: ఆ పాటల్ని మోసిన నాష్‌విల్ రేడియో స్టేషన్‌ని సంగీతాభిమానులు పెట్టారు.
వాస్తవం: 1925 అక్టోబర్ 5న డబ్ల్యూఎస్ఎం అనే ఆ స్టేషన్‌ని మొదలుపెట్టింది ఒక బీమా కంపెనీ. 'లక్షల మందికి మా రక్ష' అన్న అర్థమొచ్చే వాళ్ల ఇంగ్లిష్ నినాదంలోని మొదటి అక్షరాలే స్టేషన్ పేరయ్యాయి. ఆ నవంబర్ 28 రాత్రి స్టేషన్ డైరెక్టర్ జార్జ్ హే 77 ఏళ్ల ఫిడేలు తాత జిమ్మీ థాంప్సన్‌ని మైకు ముందు కూర్చోబెట్టాడు. 1927లో 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' అని పేరు మారిన శనివారం కార్యక్రమానికి అదే మొదలు.

అపోహ: అది తెల్లవాళ్ల సంగీతమే.
వాస్తవం: ఓప్రీ తొలి తారల్లో డిఫోర్డ్ బెయిలీ ఒకడు. నల్లజాతివాడు. మౌతార్గాన్ మీద రైలు కూత, చక్రాల చప్పుడు అచ్చంగా పలికించేవాడు. అలాంటివాణ్ని 1941లో పక్కన పెట్టేశారు. అది అన్యాయం.

అపోహ: పాట బాగుంటే చాలు, దేశమంతా అదే పాకుతుంది.
వాస్తవం: ముందు అది వినబడాలి కదా! 1932లో డబ్ల్యూఎస్ఎం ప్రసార శక్తి 50 కిలోవాట్లకు ఎదిగింది, 878 అడుగుల టవర్ వేసింది. పగలు మీడియం వేవ్ తరంగాల్ని ఆకాశంలోని కింది పొర మింగేస్తుంది. రాత్రికి ఆ పొర సడలిపోతుంది, తరంగాలు పై పొరకు తగిలి వందల మైళ్ల అవతల దిగుతాయి. అలా వచ్చే స్టేషన్ చెవి దగ్గరకొచ్చి పాడుతున్నట్టే ఉండి, అంతలోనే సన్నగిల్లి, మళ్లీ లేస్తుంది. నేల మీద పోయే తరంగం, ఆకాశం నుంచి దిగేది ఒకే చోట కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ టవర్‌కి ఎత్తు ఎక్కువై సరిగ్గా ఇదే ఇబ్బంది వచ్చింది. 1939లో 808 అడుగులకు తగ్గించారు. ట్రాన్స్‌మిటర్ పని తెలిసినవాళ్లకు ఆ 70 అడుగుల విలువ అర్థమవుతుంది.

అపోహ: నాష్‌విల్‌కి 'మ్యూజిక్ సిటీ' అన్నది టూరిజం వాళ్లు పెట్టిన పేరు.
వాస్తవం: 1950లో డబ్ల్యూఎస్ఎం అనౌన్సర్ డేవిడ్ కాబ్ రేడియోలో అన్న మాట అది. అప్పటికే ఆ స్టేషన్ ఇంజనీర్లే ఒక హోటల్లో కాజిల్ అనే రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నారు. రికార్డు కంపెనీలు ఊళ్లోకి వచ్చాక వాళ్లకు చేయి తిరిగిన మనుషులు సిద్ధంగా దొరికారు.

1932 నాటి ఆ టవర్ నాష్‌విల్ పక్కనున్న బ్రెంట్‌వుడ్‌లో ఇంకా నిలబడే ఉంది. శనివారం రాత్రి ఓప్రీ ఇప్పటికీ అదే డబ్ల్యూఎస్ఎంలో, 650 కిలోహెర్ట్జ్ మీద వస్తోంది.