గాల్లో గంట, గడప నుంచి గడపకి నాలుగు

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఉండేవాళ్లు హైదరాబాద్ విమానం ఎక్కాలంటే ముందు హైదరాబాద్‌కి వీపు తిప్పాలి. హైదరాబాద్ పడమటి వైపు ఉంటే, మన విమానాశ్రయం ఉన్న గన్నవరం తూర్పున ఏలూరు వైపు సుమారు 20 కిలోమీటర్లు. విమానం ఎంత వేగంగా ఎగిరినా ఈ ఎదురు ప్రయాణం తప్పదు.

మ్యాపు మీద స్కేలు పెట్టి గీస్తే రెండు నగరాల మధ్య 250 కిలోమీటర్లు కూడా రాదు. రోడ్డు మీద దాదాపు 275. అంటే రోడ్డు పెద్దగా చుట్టు తిరగదు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఓడరేవు మచిలీపట్నం. వజ్రాలూ, అద్దకం బట్టలూ ఈ దిక్కుగానే సముద్రానికి వెళ్లేవి. ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి కూడా పుణె నుంచి హైదరాబాద్, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరుతుంది. మన పెద్దవాళ్లకి మాత్రం అది ఇప్పటికీ 'నైన్ హైవే'.

చుట్టు తిరిగింది రైలే. 1889లో నిజాం రైలు బెజవాడ చేరినప్పుడు వరంగల్, డోర్నకల్ మీదుగా వచ్చింది. సింగరేణి బొగ్గు ఉన్నది అటే మరి. ఆ దారిలో నేటికీ 350 కిలోమీటర్లు.

రోడ్డు రెండు వరుసలుగా ఉన్న రోజుల్లో ఆరేడు గంటలు పట్టేది. లారీ వెనక ఇరుక్కుంటే అంతే సంగతులు. రాత్రి పదింటికి బస్టాండులో బస్సెక్కి, సూర్యాపేటలో కళ్లు నులుముకుంటూ టీ తాగి, తెల్లారేసరికి హయత్‌నగర్‌లో కండక్టర్ కేకలకి లేచేవాళ్లం. అప్పట్లో విమానానికి నిజంగానే విలువుండేది. బేగంపేటలో దిగితే ఊరి మధ్యలో దిగినట్టే.

తర్వాత కథ తిరగబడింది. 2008 మార్చిలో హైదరాబాద్ విమానాశ్రయం ఊరి బయట శంషాబాద్‌కి మారింది. 2012 చివరికల్లా హైవే నాలుగు వరుసలైంది. విమానం ఊరికి దూరం జరిగింది, రోడ్డు ఊరిని దగ్గర చేసింది. ఇప్పుడు లెక్కేయండి: గన్నవరానికి ముప్పావుగంట, విమానం టైముకి గంటన్నర ముందు అక్కడుండాలి, గాల్లో గంట, శంషాబాద్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ చేరడానికి మరో గంట. నాలుగు గంటలు దాటింది. కారులో అయితే నాలుగున్నర, ఐదు. ఆ అరగంట కోసం టికెట్ కొనేది ఎక్కువగా కంపెనీ డబ్బులతో తిరిగేవాళ్లూ, శంషాబాద్‌లో విదేశీ విమానం అందుకోవాల్సినవాళ్లూ. సంక్రాంతి ముందు రోజు పంతంగి టోల్ దగ్గర ఆగిపోయినవాళ్లు మాత్రం నా లెక్క ఒప్పుకోరు, అది వేరే సంగతి.

గుంటూరు వాళ్లు అసలు ఈ లెక్కలోకే రారు. వాళ్లకి గన్నవరం 50 కిలోమీటర్ల పైమాటే. పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా వెళ్లి నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కే దారి వాళ్లకి ఎలాగూ ఉంది.

ఆ దారి విలువ విజయవాడ వాళ్లకి వరదల్లో తెలిసొచ్చింది. 2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మునిగింది. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ అదే చోట నీళ్లు, అటు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అప్పుడు హైదరాబాద్ బస్సుల్ని మళ్లించింది గుంటూరు మీదుగానే.