ఇంట్లో కారు పనికి ఏ పనిముట్లు కావాలి: అపోహలు - వాస్తవాలు

ఏళ్ల తరబడి కార్ల కిందే పని చేస్తున్నాను. కొత్తగా కారు కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది "ఏ టూల్ సెట్టు కొనమంటారు?" అని. సెట్టు సంగతి తర్వాత. నా లెక్కలో ముందు ప్రాణం కాపాడేవి కొనాలి, ఆ తర్వాత కొలిచేవి, విప్పి బిగించేవి ఆఖరున. చాలామంది ఇంట్లో ఈ వరుస తలకిందులుగా ఉంటుంది. అందుకు కారణం ఈ అపోహలే.

అపోహ: జాకీ ఉంది కదా, కారు కిందికి దూరి పని చేసుకోవచ్చు.

జాకీ ఉన్నది కారును లేపడానికి మాత్రమే. హైడ్రాలిక్ జాకీలో అంత బరువునూ ఆపేది లోపలున్న నూనె. ఆ నూనెను పట్టి ఉంచేది చిన్న రబ్బరు సీలు. అది ఏ క్షణంలో వదిలేస్తుందో ఎవరూ చెప్పలేరు. కారుతో పాటు వచ్చే మర జాకీ స్టెప్నీ మార్చేంతసేపు నిలబడితే చాలన్నట్టుగా చేసినది, పక్క నుంచి కాస్త తోపు తగిలినా ఒరిగిపోతుంది.

కిందికి చెయ్యి పెట్టాలన్నా సరే, జాక్ స్టాండ్లు (లేపిన కారు బరువును మోసే ఉక్కు కాళ్లు) ఉండాల్సిందే. నేల గట్టిగా, చదునుగా ఉండాలి. నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి. స్టాండు ఎక్కడ ఆనించాలో కారు మాన్యువల్‌లో బొమ్మ వేసి చూపిస్తారు. కారును స్టాండ్ల మీదికి దించాక చేత్తో గట్టిగా ఊపి చూడండి. పడేదేదో మీరు బయట ఉండగానే పడాలి. స్టాండ్లకు బదులు ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టకండి, అవి ఉన్నట్టుండి పగిలిపోతాయి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

అపోహ: చక్రం నట్టు ఎంత గట్టిగా బిగిస్తే అంత భద్రం.

వీల్ స్పానర్ మీద ఎక్కి తొక్కేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. బిగించినప్పుడు బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది, స్ప్రింగులా వెనక్కి లాగుతూ చక్రాన్ని పట్టి ఉంచుతుంది. హద్దు దాటి సాగిందంటే ఆ పట్టు పోతుంది, ఒక్కోసారి బోల్టే తెగుతుంది. చాలా కార్లకు ఈ బిగింపు 80 నుంచి 130 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారుకు ఎంతో మాన్యువల్‌లో చూసి, పెట్టుకున్న బిగింపు రాగానే క్లిక్ మనే టార్క్ రెంచ్‌తో ఒకదానికి ఎదురుగా ఉన్నది ఇంకొకటి చొప్పున బిగించండి. క్లిక్ మనగానే ఆపేయాలి, ఎందుకైనా మంచిదని ఇంకోసారి నొక్కకూడదు. దాంతో నట్లు విప్పకూడదు కూడా. పని అయ్యాక దాని అంకెను అన్నిటికంటే కిందికి తిప్పి దాచిపెట్టండి.

అపోహ: సెల్ఫ్ తీసుకోకపోతే బ్యాటరీ పోయినట్టే.

ఈ మధ్య ఒకాయన కొత్త బ్యాటరీ వేయించిన వారానికే మళ్లీ సెల్ఫ్ తీసుకోవడం లేదని టెన్షన్ పడుతూ పిలిచారు. వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెడితే బ్యాటరీ పోస్టుల మధ్య 12.6 వోల్టులు చూపించింది. అంటే నిండా చార్జి ఉంది. అప్పుడు మీటరు పిన్ను ఒకటి పాజిటివ్ పోస్టు మీద, రెండోది దానికి బిగించిన క్లాంపు మీద ఆనించి, సెల్ఫ్ కొట్టమన్నాను. సున్నాకు దగ్గరగా ఉండాల్సిన అంకె 2 వోల్టులు దాటింది, అంటే కరెంటు ఆ అతుకులోనే పోతోంది. క్లాంపు ఊడదీసి చూస్తే లోపలంతా పిండి చల్లినట్టు తెల్లటి పూత. వైర్ బ్రష్‌తో లోహం మెరిసేదాకా రుద్ది బిగించాను. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. పాపం, ఆయన పాత బ్యాటరీ కూడా బాగానే ఉండి ఉంటుంది.

ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక 12.2 వోల్టులు చూపిస్తే చార్జి సుమారు సగమే ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది. క్లాంపులు విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. లేదంటే పాజిటివ్ మీదున్న స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

అపోహ: స్కానర్ పెడితే ఏ పార్టు మార్చాలో అదే చెబుతుంది.

స్కానర్ అంటే కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లను చదివే పరికరం. అది చెప్పేది లక్షణం మాత్రమే. పి0171 అనే కోడ్ వస్తే ఇంజిన్‌లో గాలి పాలు ఎక్కువ, పెట్రోలు పాలు తక్కువ అయిందని అర్థం. ఎక్కడో గొట్టం పగిలి ఉండొచ్చు, గాలిని కొలిచే సెన్సర్‌కు మురికి పట్టి ఉండొచ్చు, పెట్రోలు పంపు నీరసించి ఉండొచ్చు. కోడ్ చూసి పార్టు కొనేయకండి.

అపోహ: టైరు మీద రాసినంత గాలి కొట్టాలి.

అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ప్రెషర్. మీ కారుకు ఎంత కావాలో సాధారణంగా డ్రైవర్ డోరు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. సొంత గేజ్ ఒకటి కొనుక్కుని, బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి.

అపోహ: 200 ముక్కల సెట్టు ఉంటేనే పని జరుగుతుంది.

8 నుంచి 19 మిల్లీమీటర్ల దాకా మంచి ఉక్కు సాకెట్లు, రింగ్ స్పానర్లు, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక ప్లయర్ ఉంటే ఇంటి పనులు చాలావరకు అయిపోతాయి. సాకెట్ 12 మూలలది కాకుండా 6 మూలలది తీసుకోండి. అది బోల్టు తలను పలకల మీద పట్టుకుంటుంది కాబట్టి మూలలు అరగవు. ఒకసారి తల గుండ్రంగా అయిపోయిన బోల్టు తీయడానికి సగం రోజు పట్టినా ఆశ్చర్యం లేదు.

అపోహ: డబ్ల్యూడీ-40 ఉంటే గ్రీజు అక్కర్లేదు.

1953లో ఈ స్ప్రేను తయారుచేసింది లోహం మీది తేమను తరిమి తుప్పు పట్టకుండా చూడటానికి. తుప్పు పట్టిన నట్టు మీద చల్లి పావుగంట ఆగితే బాగా పనిచేస్తుంది. డోరు కీళ్లకు మాత్రం ఎక్కువకాలం నిలవదు, అక్కడ గ్రీజే రాయాలి. ఏది వాడినా బ్రేకు డిస్కు మీద ఒక్క చుక్క కూడా పడనివ్వకండి.