పైథాన్‌లో అంకెల ముందు సున్నాలు: అపోహలు - వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో పైథాన్ నేర్పుతుంటాను. లూప్‌లు, లిస్టులు చకచకా రాసేసే పిల్లలు కూడా రోల్ నంబర్లు 001, 002 అని ప్రింట్ చేయమనేసరికి టెన్షన్ పడతారు. దానికి కారణం ఈ అపోహలే.

అపోహ: వేరియబుల్‌లో 007 అని పెడితే 007గానే ఉంటుంది.

ఉండదు. పూర్ణసంఖ్య దాచుకునేది విలువనే, దాని ముందు ఎన్ని సున్నాలు రాశామన్నది కాదు. పైథాన్ 3లో 007 అని నేరుగా రాస్తే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. పైథాన్ 2లో ముందు సున్నా ఉంటే ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా రాసే సంఖ్య) కింద లెక్క, అక్కడ 010 అంటే 8! కొటేషన్లలో ఉన్న 007ని ఇంట్‌కి (int, పూర్ణసంఖ్యగా మార్చే ఫంక్షన్) ఇస్తే మాత్రం హాయిగా 7 వస్తుంది, తెలుగు అంకెల్లో ౦౦౭ అని ఇచ్చినా సరే 7 వస్తుంది.

అపోహ: పదికి లోపైతే రెండు సున్నాలు, వందకి లోపైతే ఒకటి అని ఇఫ్‌లు రాసుకోవాలి.

అక్కర్లేదు. ఎఫ్-స్ట్రింగ్‌లో (కొటేషన్ల ముందు f పెట్టి రాసేది) కర్లీ బ్రాకెట్ల మధ్య వేరియబుల్ పేరు, కోలన్, 03డి (03d, ఇందులో d అంటే పూర్ణసంఖ్య అని) పెడితే చాలు. ఆ 3 కనీస వెడల్పు మాత్రమే, 1234 ఇస్తే 1234 మొత్తం వస్తుంది.

అపోహ: చివర డి ఉన్నా లేకపోయినా ఒకటే.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఇన్‌పుట్‌తో తీసుకున్నది ఎప్పుడూ స్ట్రింగే (అక్షరాల వరసే, సంఖ్య కాదు), దాన్ని ఇంట్‌గా మార్చడం మర్చిపోయి, డి లేకుండా ఉత్త 03 పెట్టారనుకోండి, పైథాన్ 3.10 నుంచి 7 కాస్తా 700 అయిపోతుంది, ఎందుకంటే స్ట్రింగ్‌ని ఎడమ పక్కకి సర్ది సున్నాలని కుడివైపు నింపుతుంది. ఎర్రర్ ఏమీ రాదు, ప్రోగ్రామ్ నడిచిపోతుంది, ఏడో రోల్ నంబర్ వాడి మార్కులు 700 వాడికి పడతాయి. డి రాసి ఉంటే వాల్యూ ఎర్రర్ వచ్చి అక్కడే ఆగేది. అందుకే డి రాయకపోతే నేను ఒప్పుకోను.

స్ట్రింగే చేతిలో ఉంటే జెడ్‌ఫిల్ (zfill, స్ట్రింగ్ ముందు సున్నాలు నింపే మెథడ్) వాడండి. ఆర్‌జస్ట్‌తో (rjust, స్ట్రింగ్‌ని కుడి పక్కకి సర్దే మెథడ్) సున్నాలు నింపినా అదే పని అవుతుందంటారు కానీ, -7ని మూడు అక్షరాలకి పెంచమంటే జెడ్‌ఫిల్ -07 ఇస్తుంది, ఆర్‌జస్ట్ 0-7 ఇస్తుంది.

అపోహ: అంకెలున్నవన్నీ నంబర్లే.

మన ఎస్‌టీడీ కోడ్ 0891ని ఇంట్‌గా మారిస్తే 891 మిగులుతుంది. పండగలకు వేసే స్పెషల్ రైళ్ల నంబర్లూ 0తోనే మొదలవుతాయి. రెండు రైలు నంబర్లు కూడితే ఏమైనా అర్థముందా? జవాబు ‘లేదు’ అయితే అది స్ట్రింగ్‌గానే ఉండాలి. పాండాస్‌తో (pandas, పట్టికల డేటాకి వాడే లైబ్రరీ) సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైల్) చదివితే అలాంటి కాలమ్‌ని తనే పూర్ణసంఖ్యలుగా మార్చేస్తుంది, సున్నా పోతుంది. తర్వాత జెడ్‌ఫిల్‌తో తెచ్చుకుందాంలే అనుకోకండి, హైదరాబాద్ 040, మనది 0891, శ్రీకాకుళం 08942, ఎంత వెడల్పుకి నింపుతారు? ఫైల్ చదివేటప్పుడే ఆ కాలమ్‌కి డీటైప్ (dtype, డేటా రకం) స్ట్రింగ్ అని చెప్పేయండి.